ఓ ఆధార్ జిరాక్స్ ఇవ్వండి!

*ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటున్నారు. బాగానే ఉంది. మరి అడిగిన ప్రతిచోటా మనం ఇచ్చేసిన కాగితాల సంగతేమిటి?*

సాయంత్రం ఆరు దాటాక హైదరాబాద్ నాచారం మెయిన్‌రోడ్డులో ఏ జిరాక్స్ సెంటర్ ముందు నిలబడ్డా ఒకే మాట పదేపదే వినిపిస్తుంది. ‘‘అన్నా, వాట్సాప్‌ల ఆధార్ పంపిన. రెండు కాపీలు తియ్యి.’’ పారిశ్రామికవాడలో షిఫ్టు దిగొచ్చిన కుర్రాడు, మల్లాపూర్‌లో గది అద్దెకు తీసుకున్న ఒడిశా కుటుంబం, ఈఎస్‌ఐ ఆసుపత్రి పని మీద వచ్చిన పెద్దాయన... అందరూ గోడకు అంటించిన షాపు నంబరుకే పంపుతారు. షాపతను కంప్యూటర్లో వాట్సాప్ తెరిచి ఫైలు దించుకుంటాడు, ప్రింటు కొడతాడు, డబ్బులు గల్లాలో వేసుకుంటాడు. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు. దించుకున్న ఫైలును తీసెయ్యాలన్న ఆలోచన అతనికీ రాదు, పంపినవాళ్లకూ రాదు.

ఆ కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను ఒక్కసారి తెరిచి చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆధార్లు, పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, కుల ధ్రువపత్రాలు, పదో తరగతి మెమోలు, సంతకంతో సహా అద్దె ఒప్పందాలు! కొన్నింటికి ఫైలు పేరే మనిషి పేరు. కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ ఉండదు. ఉన్నా మానిటర్ అంచున చీటీ మీద రాసి ఉంటుంది. సరిగ్గా రాని ప్రింట్లు పక్కన దొంతరగా పడి ఉంటాయి, వాటి వెనకవైపే ఆ రోజు లెక్కలు. షాపతను దొంగ కాడు, పాపం. రోజుకు పన్నెండు గంటలు నిలబడి పొట్టపోసుకునేవాడు. కానీ ఊళ్లో సగం మంది వివరాలు తన దగ్గర పోగుపడ్డాయని అతనికి ఎవరూ చెప్పలేదు. వాటిని ఎలా చూసుకోవాలో అంతకన్నా చెప్పలేదు.

సైబర్ నేరాల గురించి పదేళ్లుగా మనకు చెబుతున్నది ఒక్కటే పాఠం: ఓటీపీ చెప్పకండి, తెలియని లింకు నొక్కకండి. అందులో తప్పు లేదు. కానీ అది కథలో చివరి ఘట్టం. మోసగాడు ఫోన్ చేసేసరికే మన పేరు, బ్యాంకు, ఉద్యోగం, పిల్లవాడు ఏ క్లాసులో ఉన్నాడో అతని ముందున్న కాగితంలో ఉంటాయి. ‘సార్, మీ పార్సిల్లో డ్రగ్స్ దొరికాయి’ అంటూ డిజిటల్ అరెస్టు నాటకమాడేవాడు మన ఆధార్‌లో చివరి నాలుగంకెలు చదివి వినిపించాకే కదా మనకు చెమటలు పట్టేది! కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం 2024లో దేశంలో సైబర్ మోసాలకు జనం పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలు. అందులో తెలంగాణ వాటా 1,866 కోట్ల దాకా ఉంది. ఇంత సొమ్ము పోయింది జనం అమాయకత్వం వల్లేనని అనుకుంటే పొరపాటు. ఆ కాగితం వాళ్ల చేతికి ఎలా వెళ్లిందన్నదే అసలు ప్రశ్న.

రెండు లాప్‌టాప్‌లలో దేశం

ఈ ప్రశ్నకు ఒక జవాబు మన నగరంలోనే దొరికింది. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు దాదాపు 16.8 కోట్ల మంది వివరాలను అంగట్లో పెట్టి అమ్ముతున్న ముఠాను పట్టుకున్నారు. రెండున్నర లక్షల మంది రక్షణ సిబ్బంది సమాచారం కూడా అందులో ఉంది. ఆ గగ్గోలు సద్దుమణగకముందే, ఏప్రిల్ మొదట్లో, ఫరీదాబాద్ కేంద్రంగా వెబ్‌సైట్ నడుపుతున్న ఒకే ఒక్క మనిషిని అరెస్టు చేశారు. అతని దగ్గర దొరికినవి రెండు ఫోన్లు, రెండు లాప్‌టాప్‌లు. వాటిలో ఉన్నది 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల సమాచారం! 24 రాష్ట్రాలు, 8 మహానగరాలు. నూటికి పైగా వర్గాలుగా విడదీసి పెట్టుకున్నాడు: ప్రభుత్వోద్యోగులు, పాన్ కార్డుదారులు, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి విద్యార్థులు, డీమ్యాట్ ఖాతాదారులు, వాహన యజమానులు... ఏ వర్గం కావాలంటే ఆ వర్గం, ఏ ఊరు కావాలంటే ఆ ఊరు.

ఈ 66 కోట్ల మందీ ఫోన్‌లో ఓటీపీ చెప్పిన బాపతు కాదు. బండి రిజిస్ట్రేషన్‌కు, పిల్లల కోచింగ్‌కు, కరెంటు బిల్లుకు, తిండి ఆర్డరుకు ఎక్కడికక్కడ వివరాలు ఇచ్చినవాళ్లు. జాగ్రత్తగా ఉండాల్సింది ఇచ్చినవాళ్లా, పుచ్చుకున్నవాళ్లా? సైబర్ భద్రత గురించి మనం చదివే సలహాల్లో నూటికి తొంభై మొదటివాళ్లకే.

పుచ్చుకున్నది పోలీసులైనా అంతే. మహిళల భద్రతకు, ఫిర్యాదులకు పనికొస్తుందని తెలంగాణ పోలీసులు జనం చేత ఫోన్లలో వేయించిన యాప్ హాక్‌ఐ. 2024లో దాదాపు రెండు లక్షల మంది వాడకందారుల సమాచారం అందులోంచి బయటికి పొక్కింది. హ్యాకర్ల చర్చావేదికలో 150 డాలర్లకు బేరం పెట్టినవాడిని రాష్ట్ర సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఆ జూన్‌లోనే పట్టుకుంది. తీరా చూస్తే ఇరవయ్యేళ్ల విద్యార్థి. పట్టుకున్నందుకు మెచ్చుకోవాల్సిందే. ఆపద వస్తే నొక్కమన్న మీటే ఆపద తెచ్చిపెట్టింది కదా అని నొచ్చుకోకుండానూ ఉండలేం.

ధర్మారం రబ్బరు స్టాంపు

కాగితం ఎంత పని చేయగలదో అర్థం కావాలంటే పెద్దపల్లి జిల్లా ధర్మారం వెళ్లాలి. 2018 జూన్‌లో అక్కడ ఒక సిమ్ కార్డుల డిస్ట్రిబ్యూటర్‌ను పోలీసులు అరెస్టు చేశారు. నెలకు ఇన్ని సిమ్‌లు యాక్టివేట్ చేయాలని కంపెనీ పెట్టిన టార్గెట్. అన్ని సిమ్‌లు కొనేవాళ్లు ఆ మండలంలో ఎక్కడున్నారు? మనుషులు లేకపోతే మనుషుల్ని తయారుచేసుకుందామనుకున్నాడు.

రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లో భూముల దస్తావేజులు అప్పట్లో ఎవరైనా దించుకునే వీలుండేది. ఒక్కో దస్తావేజులో అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, వాళ్ల ఆధార్ నంబర్లు, పక్కనే చక్కగా స్కాన్ చేసిన బొటనవేలి ముద్రలు. ఈ-కేవైసీ యంత్రం అడిగేవి సరిగ్గా ఆ రెండే. ఇక మిగిలింది ముద్రను వేలిగా మార్చడం. అందుకు రబ్బరు స్టాంపుల యంత్రం చాలు. ముద్ర బొమ్మను పలుచని ఫిల్మ్ మీద అచ్చువేసి, జిగురులాంటి పాలిమర్ మీద పరిచి, అతినీలలోహిత కాంతిలో పెడతారు. వెలుగు తగిలినచోట గట్టిపడుతుంది, తగలనిచోట కడిగేస్తే పోతుంది. సర్పంచి స్టాంపు, హెడ్మాస్టర్ స్టాంపు చేసేది ఇలాగే. అలా చేసిన రబ్బరు వేళ్లతో అతను వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ దస్తావేజులు రాయించుకున్న రైతులకు తమ పేరున ఎక్కడో సిమ్ మోగుతోందని కలలో కూడా తెలియదు.

ఇక్కడ ఎక్కడైనా ఓటీపీ ఉందా? లేదు. బ్యాంకు ఖాతా విషయానికొచ్చినా అంతే. ఆధార్ చెల్లింపుల పద్ధతిలో బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే పల్లెల్లో బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకోవచ్చు. పింఛను ముసలమ్మకు అదొక వరం. ధర్మారం తర్వాత కొన్నేళ్లకు ఆంధ్రప్రదేశ్ దస్తావేజుల్లోంచి ముద్రలు తీసి ఇదే దారిలో ఖాతాలు ఖాళీ చేసిన ముఠాను సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. ఆధార్ జారీచేసే ఉడాయ్ మేల్కొని, యంత్రం మీద పెట్టింది ప్రాణమున్న వేలా, బొమ్మా అని పసిగట్టే కొత్త పద్ధతిని 2023 ఫిబ్రవరిలో తెచ్చింది. ధర్మారం నుంచి అక్కడికి నాలుగున్నరేళ్లు దాటింది.

ఈ మధ్యలో ఒక తమాషా జరిగింది. 2022 మే 27న ఉడాయ్ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది: ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వారికి ఇవ్వకండి, అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, లైసెన్సు లేని హోటళ్లు, సినిమా హాళ్లు ఆధార్ కాపీలు తీసుకోకూడదు. మంచి మాట. అది చూసి దేశమంతా ఉలిక్కిపడింది. రెండు రోజులు తిరక్కుండానే, మే 29న, తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉందంటూ కేంద్రం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. మాస్క్‌డ్ ఆధార్ మాత్రం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఉడాయ్ వెబ్‌సైట్లో ఆధార్ దించుకునేటప్పుడు ఒక గడిలో టిక్కు పెడితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించకుండా వస్తుంది. గది అద్దెకు, హోటల్ బసకు అది సరిపోతుంది. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకుంటే రబ్బరు వేలు కాదు కదా, మన అసలు వేలు పెట్టినా యంత్రం ఒప్పుకోదు. అవసరమైనప్పుడు తాత్కాలికంగా తెరుచుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల ఆధార్‌కు ముందుగా వేయాల్సిన తాళం ఇది.

తమ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకునే సౌకర్యం మన తెలుగు రాష్ట్రాల్లోనే మొదలైందని చాలామందికి తెలియదు. టెలికాం శాఖ 2021లో ట్యాఫ్‌కాప్ పేరుతో ముందుగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకే దాన్ని తెచ్చింది. ఇప్పుడది సంచార్ సాథీ పోర్టల్లో ఉంది. ఆ జాగ్రత్త ఎందుకంటే, 2023 ఆగస్టులో అదే శాఖ ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్‌తో వెతికితే విజయవాడలో ఒకే ఒక్కడి ఫొటోతో 658 సిమ్‌లు తేలాయి. చట్టం ఒప్పుకునేది మనిషికి తొమ్మిది.

ఉప్పల్‌లో ఒక ప్రయోగశాల

పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. సిమ్ పోతే కొత్తది తీసుకుంటాం. వేలిముద్ర పోతే? దానికంటే లోపలిది పోతే?

ఈ సంగతి తలచుకోవడానికి నాచారం, ఉప్పల్‌ల కంటే తగిన చోటు దేశంలో లేదు. ప్రతి మనిషి డీఎన్‌ఏలోనూ తనదైన ముద్ర ఉంటుందన్న శాస్త్రాన్ని మన దేశంలో కోర్టు గుమ్మం ఎక్కించింది హబ్సిగూడ పక్కనున్న పరిశోధన సంస్థ సీసీఎంబీలో పనిచేసిన లాల్జీ సింగ్. ఆయన చొరవతోనే డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం పుట్టింది. పేపర్లలో సీడీఎఫ్‌డీ అని చదువుతుంటామే, అదే. చాలా ఏళ్లు అది నాచారంలో, ఈసీఐఎల్ వెళ్లే దారిలో నడిచింది. ఇప్పుడు ఉప్పల్‌లో సొంత ప్రాంగణంలో ఉంది. తండ్రి ఎవరో తేలాల్సిన కేసుల్లో, గుర్తుపట్టలేని శవాల విషయంలో కోర్టులు, పోలీసులు దాని తలుపు తట్టారు. ఆ ప్రయోగశాల వల్ల న్యాయం దొరికినవాళ్లు ఎందరో.

అక్కడ పెరిగిన శాస్త్రమే ఢిల్లీలో పెద్ద రగడకు దారితీసింది. నిందితుల, నేరస్థుల, తప్పిపోయినవాళ్ల డీఎన్‌ఏ వివరాలతో జాతీయ, ప్రాంతీయ డేటా బ్యాంకులు పెట్టాలంటూ 2019 జులైలో కేంద్రం లోక్‌సభలో బిల్లు పెట్టింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇస్తూ దుర్వినియోగం భయాలను ప్రస్తావించింది. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ, సీపీఐ సభ్యుడు బినోయ్ విశ్వం అసమ్మతి రాశారు. చివరికి 2023 జులైలో ప్రభుత్వమే బిల్లును ఉపసంహరించుకుంది. సమాచారాన్ని కాపాడే చట్టమే లేనప్పుడు శరీర సమాచారాన్ని గుట్టగా పోయడం తొందరపాటు. ఆ బిల్లు ఆగడం మంచిదే అయింది.

భయం ఊహ కాదు. రక్తసంబంధీకులను, పూర్వీకులను చెబుతామంటూ ఉమ్మి నమూనాలు తీసుకున్న అమెరికా కంపెనీ 23అండ్‌మీలో 2023లో జరిగింది చూడండి. దొంగలు నేరుగా తెరిచినవి పద్నాలుగు వేల ఖాతాలే. అదీ వాళ్లు వేరేచోట వాడిన పాస్‌వర్డే ఇక్కడా పెట్టుకోవడం వల్ల. కానీ బంధువులను కలిపే సౌకర్యం ద్వారా 69 లక్షల మంది వివరాలు జారిపోయాయి. అంటే మీ పాస్‌వర్డ్ గట్టిదే అయినా, ఎక్కడో దూరపు చుట్టం పాస్‌వర్డ్ బలహీనమైతే మీ గుట్టు రట్టు. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అప్పుడు జనం అడిగింది: మా డీఎన్‌ఏను ఆస్తుల జాబితాలో పెట్టి ఎవరికి అమ్ముతారు? హెల్త్ చెకప్ ప్యాకేజీతో పాటు ‘జన్యు పరీక్ష ఫ్రీ’ అని ఎవరైనా అంటే, ఈ ప్రశ్న ముందే అడగడం మేలు.

‘నంబర్ చెప్పండి మేడమ్’

మళ్లీ మన వీధికొద్దాం. రోజులో మన సమాచారం బయటికి పోయే దారులు ఎన్నో. సూపర్‌మార్కెట్లో బిల్లు కట్టేచోట ‘‘నంబర్ చెప్పండి మేడమ్’’ అంటారు. వెనక క్యూలో ఉన్న పదిమందీ వినేలా మేడమ్ చెబుతారు. ఫోన్ నంబరు ఇవ్వకపోతే సరుకు ఇవ్వమనడం కుదరదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖే వ్యాపారులకు చెప్పింది. ‘‘నంబర్ ఇవ్వను, బిల్లు కొట్టండి’’ అనండి. మొదటిసారి కౌంటర్లో అమ్మాయి మొహం చిట్లిస్తుంది. రెండోసారి అలవాటైపోతుంది. అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరూ అంతే. వచ్చినవాళ్ల పేర్లు, ఫోన్లు, బండి నంబర్లు తర్వాత వచ్చినవాడు తీరిగ్గా చదువుకోవచ్చు.

ఫోన్లోని యాప్‌లది మరో కథ. 2020 డిసెంబరులో తెలంగాణలో అప్పుల యాప్‌ల వేధింపులకు వరసగా ప్రాణాలు పోయినప్పుడు బయటపడింది: అయిదు వేలు అప్పిచ్చేముందు ఆ యాప్ ఫోన్‌లోని కాంటాక్టులన్నీ ఎత్తుకుపోతుంది, కట్టడం ఆలస్యమైతే మామగారికి, ఆఫీసులో మేనేజరుకు ‘ఇతను మోసగాడు’ అని మెసేజ్ వెళుతుంది. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్‌సెంటర్ల మీద దాడులు చేశారు, చైనా జాతీయులూ అరెస్టయ్యారు. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు, కాల్ లాగ్‌ల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2న మార్గదర్శకాలిచ్చింది. కాబట్టి ఇప్పుడు ఏ అప్పుల యాప్ అయినా కాంటాక్టులు అడిగిందంటే అది దొంగ యాప్ అని గుర్తు. వేరే పరీక్ష అక్కర్లేదు.

ఇంత చూసుకున్నా డబ్బు పోతే? సిగ్గుపడుతూ కూర్చోకండి, 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దూకుతూ ఉంటుంది. ముందుగా ఫోన్ చేసినవాళ్ల డబ్బే దారిలో ఆగుతుంది. రేపు పొద్దున స్టేషన్‌కు వెళదాం అనుకుంటే అది ఏ రాష్ట్రంలోనో ఏటీఎం నుంచి బయటికొచ్చేస్తుంది. అలా దారిలో ఆపిన సొమ్మును తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు.

చట్టం వచ్చింది, కానీ...

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్.పుట్టస్వామి మనకు కొత్తవారు కాదు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్‌కు ఛైర్మన్‌గా పనిచేసినవారు. ఎనభై ఆరేళ్ల వయసులో కోర్టుకెక్కారు. ఆ తీర్పు వచ్చిన ఆరేళ్లకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది. నిబంధనలు వెలువడేసరికి 2025 నవంబరు అయింది.

చట్టంలో మంచి ఉంది. మన సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును తెలుగులో అడిగే హక్కుంది. ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోవచ్చు. పని అయిపోయాక తుడిచెయ్యమనవచ్చు. సమాచారం పొక్కితే ఆ సంగతి మనకు చెప్పి తీరాలి, 72 గంటల్లో సమాచార పరిరక్షణ బోర్డుకు పూర్తి వివరాలివ్వాలి. కాపాడలేని సంస్థకు జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు.

చేదు కూడా చెప్పుకోవాలి. మన హక్కులు అమలులోకి రావడానికి నిబంధనలు పద్దెనిమిది నెలల గడువిచ్చాయి. అంటే 2027 మే. కానీ అదే చట్టం సమాచార హక్కు చట్టానికి చేసిన సవరణ మాత్రం ఒక్క రోజు కూడా ఆగలేదు, నోటిఫికేషన్‌తోనే అమల్లోకి వచ్చింది. ఇకపై అధికారులు ‘ఇది వ్యక్తిగత సమాచారం’ అనేసి ఫైలు మూసేయడం తేలిక. ప్రభుత్వ సంస్థలకు కేంద్రం మినహాయింపులివ్వవచ్చు కూడా. హాక్‌ఐ ఉదంతం చూశాక ఇది ఎలా ఒప్పుకోవాలి?

అన్నిటికంటే పెద్ద లోపం వేరే ఉంది. ఆ 250 కోట్ల జరిమానా వెళ్లేది ప్రభుత్వ ఖజానాకు. వేలిముద్ర పోగొట్టుకున్న ధర్మారం రైతుకు అందులో పైసా రాదు. సంస్థ నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవారికి పరిహారం ఇప్పించే సెక్షన్ 43ఏ ఒకటి ఐటీ చట్టంలో ఉంది. కొత్త చట్టం దాన్ని తీసేస్తోంది. ఆ తొలగింపు కూడా 2027 మేలోనే అమల్లోకి వస్తుంది. ఈలోగా పరిహారం హక్కును తిరిగి చేర్చేలా చట్టాన్ని సవరించడానికి పార్లమెంటుకు వ్యవధి ఉంది. నాచారం, ఉప్పల్ ఓటర్లు మల్కాజిగిరి ఎంపీకి, మిగతావారు తమ తమ ఎంపీలకు ఈ ఒక్క విషయం మీద ఉత్తరం రాయాలి. ఉత్తరంతో పాటు ఆధార్ జిరాక్స్ జతచేయనక్కర్లేదు.